ఒకే గది, ఐదు తరగతులు, ఒక డబ్బా చింతపిక్కలు

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. గణితంలో ఏ కృత్యం ఇచ్చినా చిన్నపిల్లలకు అందదు, లేకపోతే పెద్దపిల్లలకు మరీ తేలికైపోతుంది. ఐదు రకాల కృత్యాలు తయారుచేయడం నా ఒక్కదాని వల్ల కావడం లేదు. దారి చెప్పగలరు.
- ఒక ఉపాధ్యాయిని, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: ఒక డబ్బా నిండా చింతపిక్కలు ఉంటే ఐదు తరగతులకూ సరిపోతాయి. వాటితో ఏ వయసువారిని ఏమి అడగాలన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

ముందుగా ఒకటో తరగతి పిల్లవాడి ఎదుట ఆరేసి పిక్కలను రెండు వరుసలుగా సమానంగా పేర్చి, తర్వాత అతను చూస్తుండగానే ఒక వరుసలోని పిక్కలను ఎడమెడంగా జరిపి, ఎందులో ఎక్కువ ఉన్నాయో అడగండి. ఐదేళ్ల పిల్లలు చాలామంది పొడవైన వరుసనే చూపిస్తారు. స్విట్జర్లాండ్ మనోవైజ్ఞానికుడు జీన్ పియాజే (1896–1980) ప్రసిద్ధం చేసిన పరీక్ష ఇది. పిల్లవాడిది అశ్రద్ధ కాదు, ఆ వయసులో లెక్క కన్నా కంటికి కనిపించే పొడవే అతనికి బలమైన సాక్ష్యం. ఆరేడేళ్లకు సాధారణంగా ఇది సర్దుకుంటుంది. తెలిసిన ఆటగా మార్చి అడిగితే ఇంకా చిన్నవారు కూడా సరిగా చెబుతారని తర్వాతి పరిశోధకులు చూపారు కనుక, వయసును గీత గీసినట్టు పట్టుకోకండి. ఈ పిల్లలకు పలక మీద కూడికల కన్నా జతపరచడం ముఖ్యం. మధ్యాహ్న భోజనం వేళ ఒక్కొక్కరికి ఒక్కో కంచం పెట్టి, ఇంకా ఎన్ని కావాలో వారినే చెప్పనివ్వండి. జాతీయ విద్యావిధానం–2020 కూడా 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా తీసుకుంది. రాత ఆలస్యమవుతోందని బెంగ పడనక్కరలేదు.

రెండు, మూడు తరగతులకు ఖాళీ అగ్గిపెట్టెలు సేకరించి, ఒక్కో పెట్టెలో పదేసి పిక్కలు పోయించండి. 34 అంటే మూడు పెట్టెలు, నాలుగు విడి పిక్కలు. 34 లోంచి 8 తీసేయమంటే, ఒకట్ల స్థానంలో పెద్ద అంకె 8 లోంచి చిన్న అంకె 4 ను తీసేసి మళ్లీ 34 అనే రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అలాంటివారికి తప్పు దిద్ది ఇవ్వకుండా పెట్టెలు చేతికివ్వండి. విడి పిక్కలు నాలుగే ఉన్నాయి, ఎనిమిది ఇవ్వాలి, మరి పెట్టె విప్పక తప్పదు. తన చేత్తో విప్పిన పిల్లవాడికి ‘పదుల నుంచి అప్పు’ అన్న మాట అప్పుడు అర్థమవుతుంది.

నాలుగు, ఐదు తరగతుల వారిని 24 పిక్కలను దీర్ఘచతురస్రంగా ఎన్ని విధాల పేర్చవచ్చో ముందే ఊహించి రాయమనండి, ఆ తర్వాత పేర్చి సరిచూసుకుంటారు. 23 పిక్కలు ఒక్క వరుసకు తప్ప లొంగవని గమనించినప్పుడు ప్రధాన సంఖ్య పేరు చెప్పండి, అంతకుముందు వద్దు.

ఒక జాగ్రత్త: చిన్నపిల్లలు పిక్కలను ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు కాబట్టి వారికి మీ ఎదుటే ఇవ్వండి, గంట కాగానే లెక్కపెట్టి డబ్బాలో సర్దించండి.