గుడ్డ ఏనుగు కుట్లు ఊడిపోతుంటే

పది నెలల పాపకు కుట్టిన ఏనుగు తొండం దగ్గర విడిపోయి దూది బయటికొస్తోందని రాశారు కదండీ. దారం తప్పు కాదనుకుంటా, కుట్టు పక్కన గుడ్డ మరీ తక్కువ వదిలి ఉంటారు. కనీసం అర సెంటీమీటరు, పోగులు ఊడే గుడ్డైతే ఒక సెంటీమీటరు వదలండి. మిషన్ మీద కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు తగ్గించి, తొండం దగ్గరా కాళ్ల సందుల్లోనూ రెండోసారి కుట్టండి. చేత్తో కుట్టేట్టయితే ప్రతి కుట్టుకీ సూదిని కాస్త వెనక్కి తెచ్చి గుచ్చాలి.

తిరగేసే ముందు వంపుల్లో చిన్న గాట్లు పెట్టండి. గాటు కుట్టును తాకకూడదు. నా మొదటి కుందేలుకి కుట్టు దాకా కత్తిరించేశాను, చెవి చేతికొచ్చింది! నింపడానికి వదిలే సందు పొట్ట కింద, తిన్నగా ఉన్నచోట ఉంటే మూయడం తేలిక. దూది ఉతికితే ఉండ కడుతుంది, పాలిస్టర్ ఫైబర్ నయం.

అసలు భయం మీరు కళ్లకు కుట్టిన గుండీలతోనే. ఇవాళే తీసేయండి. ఎంత గట్టిగా కుట్టినా నమిలీ నమిలీ దారం తెగుతుంది, ఊడిన గుండీ గొంతుకు అడ్డం పడుతుంది. మూడేళ్లు నిండేదాకా కళ్లు దారంతోనే కుట్టండి. నింపకముందే కుడితే ముడులు లోపలే ఉండిపోతాయి. పాపకు ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి, నిద్రపోయేటప్పుడు ఏనుగును పక్కలోంచి తీసేయండి.