హెగెల్ చదివాక వచ్చిన సందేహం గురించి

జర్మన్ తత్వవేత్త హెగెల్‌ని చదివాక చరిత్రంతా ముందే రాసిపెట్టినట్టుంది, ఇక మనం చేసేదేముంది అని అడిగారు. ఆ టెన్షన్ అక్కర్లేదండీ. రోమన్ల జ్ఞానదేవత మినర్వా గుడ్లగూబ పొద్దు వాలాకే ఎగురుతుందని 1820లో రాసింది ఆయనే. అంటే తత్వశాస్త్రం జరిగిపోయినదాన్ని అర్థం చేసుకుంటుంది, జోస్యం చెప్పదు. చాలామంది ఈ మాట దాటేసి చదువుతారు, నేనూ మొదట అలాగే చదివాను.

మీ అసలు ప్రశ్నకు మార్క్స్ 1852లో రాసింది ఇంకా దగ్గరగా ఉంటుంది: మనుషులు తమ చరిత్రను తామే నిర్మించుకుంటారు, కానీ తాము ఎంచుకున్న పరిస్థితుల్లో కాదు, గతం చేతికిచ్చిన పరిస్థితుల్లో. ఆ రెండు సగాలనూ కలిపే చదవండి. గతం మరీ బరువనిపిస్తే మరో జర్మన్ తత్వవేత్త నీషే చరిత్ర గురించి 1874లో రాసిన వ్యాసం చూడండి. బతకడానికి కొంత మరచిపోవడమూ అవసరమేనంటాడు.