ఒంగోలు చరిత్ర రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్, వందనాలు.

ఒంగోలు బాప్టిస్టుల మీద నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. నీ తెలుగు హాయిగా ఉంది, ఆగకుండా చదివించింది. నాకు అడ్డం తగిలింది నీ మొదటి వాక్యమే: "1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు."

తప్పేం లేదు, అది నిజమే. ముప్పై ఏళ్ళ కిందట ఒక సంఘం వార్షికోత్సవ సంచికకు నేనూ సరిగ్గా ఈ వాక్యంతోనే మొదలుపెట్టాను. అచ్చయ్యాక మా వీధిలో ఒక ముసలమ్మకు గర్వంగా చదివి వినిపించాను. ఆమె అంతా విని, "మా తాత పేరు చదవలేదేం అయ్యా? ఆయన కూడా ఆ రోజే మునిగాడంట గదా" అంది. ఏం చెప్పను?

అందుకే ఆ అంకెను వెనక్కి జరపమంటున్నాను. ఆ రోజు వెల్లంపల్లి దగ్గర నీళ్ళలో నిలబడిన వాళ్ళను చూడు. ఒంగోలు అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరేసి దిగి, అలిసిపోతే మరో ఇద్దరికి చోటిస్తూ పని నడిపారు. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజులకు 3,536. వాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్ళు. ఈ మాట నువ్వు మూడో పేజీలో "అణగారిన వర్గాలు" అని దాటేశావు. మాదిగలు అని రాయి. వాళ్ళు సిగ్గుపడే మాట కాదది, నువ్వెందుకు మొహమాటపడతావు?

ధాత కరువుకు రెండే పంక్తులు ఇచ్చావు, అక్కడ ఇంకా ఆగాలి. 1876 నుంచి 78 దాకా జనం పిట్టల్లా రాలిపోతుంటే, క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. అమెరికాలో భూములు సర్వే చేసినవాడు కాబట్టి ఆ పని తెలుసు. కరువు కాలంలో మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు, కూడు కోసం కలిశారని రేపెవరైనా అంటారని. కరువు సాయం ఆగాక కూడా జనం వచ్చి, మాకు సాయమేమీ వద్దు, చేతుల మీద బొబ్బలు చూడండి, కష్టపడే వాళ్ళం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారట. ఇది క్లౌ చెప్పిన మాట. వాడుకో, కానీ దొర చెప్పాడని రాసి వాడుకో. వాళ్ళ నోటి మాట వాళ్ళ భాషలో మన దాకా రాలేదు.

ఇంగ్లీషు రిపోర్టులు చదివేటప్పుడు జాగ్రత్త. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలులోని ప్రార్థన కొండ ఎక్కింది ఐదుగురు. క్లౌ కంటే ముందొచ్చిన మిషనరీ జెవెట్ దొర, దొరసాని, జూలియా, రూతు, "క్రిస్టియన్ నర్సు". నువ్వు ఈ ఐదో మనిషిని ఆసుపత్రి నర్సమ్మను చేశావు! నవ్వకు, నేనూ చేశాను. ఆయన బోధకుడు, నరసు. దొరల స్పెల్లింగులో ఇలాంటి వాళ్ళు ఎంతమంది దాక్కున్నారో. ఏ పేరు కనబడ్డా పైకి చదివి చూడు, మన ఊరి పేరు బయటికొస్తుంది. ఇంకో సంగతి, ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళు. నీ వ్యాసంలో కొండ ఎక్కింది జెవెట్ ఒక్కడే.

ఎర్రగుంట్ల పేరయ్యకు ఒక పేజీ ఇవ్వు. క్లౌ 1866లో ఒంగోలు వచ్చేనాటికే ఆయన గురువుల వెంట తిరిగిన యోగి. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాది జిల్లాలకు వెళ్ళి, అక్కడ క్రీస్తు సంగతి విని వచ్చాడు. ఆయన, భార్య నాగమ్మ ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మందే. ఆ ఎనిమిది కాస్తా వేలల్లోకి ఎలా పోయిందంటావు? చుట్టరికాల మీద. మేనమామ ఊరు, వియ్యంకుడి ఊరు, తోలు కొనే ఊరు. ఆ దారులు గీసి చూపించు.

క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలిక. మాదిగ ఇంటికి అవెంత బరువో రాయి. చచ్చిన గొడ్డు తోలుతోనే కదా చెప్పులూ, బావి నీళ్ళు తోడే కపిల బానలూ. జాతరలో డప్పు కొట్టనంటే, కోతల రోజుల్లో ఆదివారం రానంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వేమో పాటల పుస్తకాల గురించి రెండు పేజీలు రాశావు.

అమెరికా బాప్టిస్టుల నెల్లూరు "ఒంటి నక్షత్రం" (లోన్ స్టార్) మిషన్ కథ అందరికీ తెలుసు, పొడుగు చేయకు. కాకినాడ జోలికి ఇప్పుడే పోకు. సర్కారు ఉద్యోగం వదిలేసి అక్కడ పని మొదలుపెట్టిన థామస్ గాబ్రియేలు, ఆయన పిలుపు మీద 1874లో వచ్చిన కెనడా వాళ్ళు, అదంతా వేరే వ్యాసం. తెలుగు మిషనరీ జాన్ రంగయ్యను మాత్రం వదలకు. 1903లో ఆయన్ను నేటాల్‌లోని మన కూలీల దగ్గరకు పంపింది అమెరికా వాళ్ళు కాదు, మన తెలుగు సంఘాలే. కరువు చూసిన జనం పాతికేళ్ళకే చందాలు వేసుకుని దక్షిణాఫ్రికాకు మనిషిని పంపారు.

రిజిస్టర్లు త్వరగా చూడు. ఒక ఊళ్ళో నేను అడిగేసరికి సగం చెదలు తినేసింది, సగం పాత పేపర్ల వాడికి వేసేశారు. పాస్టరుగారిని ఫొటో తీసుకుంటానని అడుగు, ఇంటికి తీసుకెళ్తానని అడగకు. సమాధుల తోటకు పొద్దున్నే వెళ్ళు, ఏటవాలు ఎండలో అరిగిన అక్షరాలు కనబడతాయి.

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. నరసును ఎర్ర సిరాతో దిద్దాను. ఆ ముసలమ్మ మనవరాలు ఇప్పుడు చీరాలలో ఉంటోంది, తాత పేరు ఆమెకు తెలుసట. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్దామనుకుంటున్నాను. బస్టాండుకు పదకొండున్నరకు రాగలవా?

మీ మాస్టారు