యూకేలో బీచ్ మీద నుంచి మాకరెల్ పట్టడం, తెచ్చి పులుసు పెట్టడం

ఎప్పుడూ గాలం ముట్టుకోని మనిషి ఇంగ్లండ్‌లో ఒడ్డున నిలబడి మాకరెల్, అంటే మన కానాగంతల లాంటి సముద్రపు చేప, పట్టగలడా, పడితే ఇంట్లో ఎలా వండాలి అనేగా మీ ప్రశ్న. పట్టగలరండి, కొత్తవాళ్ళకి ఇంతకన్నా తేలిగ్గా పడే సముద్రపు చేప ఇక్కడ ఇంకోటి లేదనే అంటాను. నా లెక్కలో కష్టం పట్టడంలో లేదు, చేప ఒడ్డుకొచ్చాక మొదటి ఐదు నిమిషాల్లో మీరేం చేస్తారన్నదాని మీదే పులుసు రుచి ఆధారపడుతుంది.

మేము బోర్న్‌మత్ వైపు ఉంటాం, వేసవిలో డోర్సెట్‌లోని చెసిల్ బీచ్‌కి పోతుంటాం. దాదాపు 29 కిలోమీటర్ల పొడుగున అంతా గులకరాళ్ళ గట్టు, ఒడ్డు పక్కనే లోతు కాబట్టి దూరంగా విసరడం రాకపోయినా చేప అందుతుంది. కానీ అదే లోతు వల్ల కెరటం వెనక్కి లాగితే మనిషి నిలబడలేడు, నైరుతి గాలికి సముద్రం పొంగుతున్న రోజు అక్కడికి అస్సలు వెళ్ళొద్దు, పిల్లలుంటే వేమత్‌లో సముద్రంలోకి కట్టిన రాతి గట్టు, స్టోన్ పియర్ లాంటి చోటు చూసుకోండి. ఇంగ్లండ్‌లో ఒడ్డు నుంచి సముద్రపు చేపకి గాలం వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు, రాడ్ (గాలం కర్ర) లైసెన్స్ అనేది నదులూ చెరువులకీ, సాల్మన్ లాంటి కొన్ని చేపలకీ.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడతాయి, జూలై ఆగస్టుల్లో బాగా. తెల్లవారేటప్పుడు గానీ పొద్దుగుంకేటప్పుడు గానీ, అది పోటు టైముతో కలిస్తే ఇంకా మంచిది. మాకరెల్ కంటితో చూసి వేటాడే చేప, అందుకని తుఫాను తర్వాత నీళ్ళు బురదగా ఉన్నప్పుడు వెళ్ళి ప్రయోజనం లేదు. సీగల్స్ గుంపుగా నీళ్ళలోకి దూకుతున్నా, చిన్న చేపలు ఒడ్డు దగ్గర ఎగిరెగిరి పడుతున్నా మాకరెల్ గుంపు వాటి వెనకే ఉందని అర్థం, వెంటనే అక్కడ వేయాలి.

షాపులో ఫెదర్స్, అంటే ఎర బదులు ఈకల్లాంటివి కట్టిన కొక్కేల దారం, అని అడిగితే ఆరు కొక్కేలున్నది చేతిలో పెడతారు, మీరు మూడు కొక్కేలదే తీసుకోండి, ఆరు చేపలు ఒకేసారి తన్నుకుంటుంటే కొత్తవాళ్ళు వేళ్ళకి గుచ్చుకుంటారు. దారం చివర బరువు సీసం వాడితే షాక్ లీడర్, అంటే విసిరే ఊపుకి తెగకుండా ముందు కట్టే గట్టి దారం, కట్టడం తప్పనిసరి, ఒక్కో ఔన్సుకి 10 పౌండ్ల బలం చొప్పున, అంటే 5 ఔన్సుల సీసానికి 50 పౌండ్ల దారం, లేకపోతే విసిరేటప్పుడు తెగిన సీసం పక్కవాడి తలకి తగులుతుంది. విసిరాక కాసేపు మునగనిచ్చి, రాడ్ పైకి లాగుతూ దించుతూ దారం చుట్టుకుంటూ రండి, పడకపోతే ఈసారి ఇంకాస్త లోతుకి వదలండి.

ఒక్క జాగ్రత్త, ఫెదర్స్‌కి అప్పుడప్పుడూ వీవర్ అనే చేప పడుతుంది, వీపు మీద నల్ల రెక్కలో, మొప్పల దగ్గర విషపు ముళ్ళుంటాయి. ఏ చేపో తెలియకపోతే చేత్తో పట్టుకోకండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంటైనా పెట్టాలి, ఊపిరి ఇబ్బందైతే ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌కి 999 కొట్టండి.

ఇక ఆ ఐదు నిమిషాలు. చేపని రాళ్ళ మీద గిలగిలా కొట్టుకునేలా వదలొద్దు, తల మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టి, మొప్పల దగ్గర కోసి రక్తం కార్చి, వెంటనే ఐస్ బాక్సులో పెట్టండి. బకెట్లో ఎండలో ఉంచితే మాకరెల్‌లో హిస్టమిన్ తయారవుతుంది, ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాళ్ళకి మొహం ఎర్రబడి తలనొప్పీ వాంతులూ వస్తాయి. తినగలిగినన్నే తీసుకోండి, పొట్టివి వదిలేయండి, మా వైపు 20 సెంటీమీటర్లకన్నా చిన్నది ఉంచుకోకూడదు, నార్త్ సీ వైపైతే 30. దొరుకుతున్నాయి కదా అని బస్తాలకెత్తే మన కుర్రాళ్ళని చూస్తే బాధేస్తుంది, ఈ చేప నిల్వలు బాగా తగ్గాయి, 2026కి వేట భారీగా తగ్గించమని ఐసీఈఎస్ అనే అంతర్జాతీయ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2025లోనే చెప్పారు.

వంటకొస్తే పొలుసు తీసే పనే లేదు. పొట్ట కోసి లోపలి నల్ల పొర, వెన్నుముక వెంబడి ఉండే రక్తం గోరుతో గీకి ఉప్పూ నిమ్మరసంతో కడిగితే నీచు చాలావరకు పోతుంది. మన కానాగంతల కన్నా ఇది మెత్తన, కొవ్వూ ఎక్కువ, అందుకే పులుసులో నూనె తగ్గించి చింతపండు కాస్త ఎక్కువ వేస్తాను. మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి తాలింపులో ఉల్లిపాయ ముద్ద బాగా వేగాక, పసుపు, కారం, ధనియాల పొడి, చింతపండు పులుసు పోసి నూనె తేలేదాకా మరగనిచ్చి ముక్కలు చివర్లో వేయాలి. ఎనిమిది పది నిమిషాలు చాలు, గరిటె పెట్టకండి, గిన్నె చెవులు పట్టుకుని తిప్పండి. పొద్దున పెట్టి రాత్రికి తింటే బాగుంటుంది, మధ్యలో మాత్రం చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.

వేపుడుకైతే గాట్లు పెట్టి ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి పెనం మీద చెంచాడు నూనె చాలు, మిగతాది చేపే వదులుతుంది. ఫ్లాట్‌లో వాసన గొడవనుకుంటే గ్రిల్‌లో పెట్టండి. మిగిలినవి శుభ్రం చేసి గాలి తగలకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు గానీ నెల, రెండు నెలల్లో వాడేయండి, కొవ్వు చేప కదా, ఆ తర్వాత పాడైన నూనె వాసనొస్తుంది.