తూటికూరలో తూటా లేదు

సందేహం: కాలువగట్ల మీద లేత ఊదారంగు గరాటు పూలు పూసే మొక్కను మా వైపు తూటికాడ అంటాం. తెలంగాణ మిత్రుడు అదే మొక్కను లొట్టపీసు అంటాడు. వండుకునే తూటికూర కూడా ఇదేనా? తూటికీ తూటాకీ చుట్టరికం ఉందా?

సమాధానం: ముందు వంటింటి మాట. రెండూ ఒకటి కావు. తూటికూర నీళ్లలో, బురదలో పాకే తీగ, తినొచ్చు. లొట్టపీసు నిలబడి పెరిగే పొద. అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది, విషం. అదే పనిగా మేస్తే మేకలకు నరాలు దెబ్బతిని కాళ్లు తడబడతాయి.

తూటా తుపాకీ వెంట బయటి నుంచి వచ్చిన మాట. తూటి అచ్చంగా మనది. గూడు గూటి అయినట్టు, కాడు కాటి అయినట్టు తూడు తూటి అవుతుంది. తామరతూడులోని తూడే ఇది, లోపల బోలుగా ఉండే కాడ. తూటికూర కాడను రెండు కణుపుల మధ్య గోటితో తుంచి చూడండి, గొట్టంలా ఉంటుంది. లోపల గాలి ఉండబట్టే నీటి మీద తేలుతుంది. తూట్లు పొడవడంలోని తూటు కూడా దీని దాయాదే. లొట్ట అన్నా డొల్లే. అందుకే 'లొట్టపీసు కేసు' అంటే పసలేని కేసని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తిట్టుకు పనికొచ్చిన మొక్కకూ కూరకు పనికొచ్చిన తీగకూ శాస్త్రంలో ఇంటిపేరు ఒకటే: ఐపోమియా. కుటుంబం కన్వాల్వులేసీ. లాటిన్‌లో చుట్టుకోవడం అనే క్రియ నుంచి వచ్చిన పేరది. లొట్టపీసు దేన్నీ చుట్టుకోదే అంటారేమో! చుట్టరికం పువ్వులో ఉంది. తెల్లవారుజామున మొగ్గను చూస్తే మడిచిన గొడుగులా మెలి తిరిగి ఉంటుంది. విప్పుకున్నాక ఐదు రేకులూ విడివిడిగా ఉండవు, అతుక్కుని ఒకే గరాటు అవుతాయి. లోపల కేసరాలు ఐదు. చాలావాటికి పూట గడిస్తే వాడిపోవడమే. కాడ తుంచితే తెల్లటి పాలు కారడం ఈ కుటుంబంలో ఎక్కువ మొక్కలకు ఉన్న లక్షణం.

చిలగడదుంప పువ్వు ఎప్పుడైనా చూశారా? అదీ ఇదే గరాటు. దాన్ని గెనుసుగడ్డ అన్నా, మోరంగడ్డ అన్నా మనవాళ్లు చూసింది దుంపనే, పువ్వును కాదు. ఇదే కుటుంబంలోని కాశీరత్నం మాత్రం పూల వల్లే పెరట్లో పేరు తెచ్చుకుంది.

ఇంతకీ మీ తూటికాడ అన్న పేరు తప్పు కాదు, అదీ బోలుకాడే. కూరకు కోసేటప్పుడు మాత్రం నీళ్లలో పాకేదే కోయండి.