పైపోర్షన్ బీహార్ అబ్బాయిలకు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది కడప, యర్రముక్కపల్లి. పైపోర్షన్ ఖాళీగా ఉంది. టైల్స్ పని చేసే నలుగురు బీహార్ అబ్బాయిలు అద్దెకు అడిగారు. అడ్వాన్స్ కూడా ఇస్తామన్నారు. పోయిన నెల మా వీధిలో రెండు బైకులు పోయాయి. 'వాళ్లొచ్చాకే ఈ దొంగతనాలు, ఇవ్వొద్దు' అంటోంది ఎదురింటావిడ. మా తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. వాడూ పరాయిచోటే ఉన్నాడు కదా అనిపిస్తుంది, కానీ భయం పోవడం లేదు. ఏం చేయమంటారు?
ఒక గృహిణి

జవాబు: భయపడ్డానని సిగ్గుపడకండమ్మా. ముందు ఆ బైకులు ఎవరు తీశారో తేలిందా అని ఎదురింటావిడను అడగండి. 'అందరూ అంటున్నారు' అనే బదులే వస్తుందని నా అనుమానం.

1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే అమెరికా సైకాలజిస్టులు కొందరితో కొన్ని వాక్యాలు చదివించారు. ఏ, బీ అని రెండు బృందాలు, అందులో బీ చిన్నది. ఏ వాళ్ల గురించి 18 మంచి మాటలు, 8 చెడ్డవి. బీ వాళ్ల గురించి 9 మంచివి, 4 చెడ్డవి. లెక్కేసి చూడండి, పాళ్లు రెండింటిలోనూ ఒకటే. అయినా చదివినవాళ్లకు బీ వాళ్లే చెడ్డగా అనిపించారు. తక్కువమంది ఉన్న గుంపు కంట్లో పడుతుంది, అరుదుగా జరిగే చెడ్డపనీ కంట్లో పడుతుంది. రెండూ కలిసొస్తే మనసులో అతుక్కుపోతాయి. మన వీధి కుర్రాడు దొంగతనం చేస్తే 'ఫలానావాళ్ల అబ్బాయి చెడిపోయాడు' అంటాం. బీహారువాడు చేస్తే 'బీహారోళ్లంతా ఇంతే'. కువైట్‌లో మీ తమ్ముడి పక్కగదివాడు తప్పు చేసినా ఇదే లెక్క.

నాలుగు రోజులు కనబడితే అన్నీ సర్దుకుంటాయంటారు కొందరు. నేనొప్పుకోను. సమాన హోదా, కలిసి చేసే పని, పెద్దల అండ ఉంటే పరిచయం బాగా పనిచేస్తుందని ఆల్‌పోర్ట్ అనే అమెరికా సైకాలజిస్టు 1954లోనే రాశాడు. గేటు బయటే నిలబెట్టి, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లిచ్చి, 'ఏయ్ భయ్యా, తొందరగా కానీ' అంటే అది ఏ రకం పరిచయం?

ఇక ఇల్లు. మన ఊరివాళ్లయితే ఏం అడుగుతారో వీళ్లనూ అవే అడగండి. ఆధార్ జిరాక్స్, పని ఇప్పించే మేస్త్రీ పేరు, ఇంతకుముందున్న ఇంటి ఓనరు నంబరు. ఆ ఓనరుకు ఒక్క ఫోన్ చేస్తే వీధంతా చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. నలుగురని చెప్పి ఎనిమిదిమంది దిగకుండా అగ్రిమెంటులో రాయించుకోండి. మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఏ ఊరివాళ్లు అద్దెకున్నా, నాకొచ్చే ఉత్తరాల్లో సగం గొడవలు దాని గురించే.