మీ తూకపు రాయి మీ తోడల్లుడు

‘మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఆప్షన్స్ ట్రేడింగ్‌లో రెండేళ్లలో 11 లక్షలు పోగొట్టాను. ఇంట్లో తెలియదు. మా ఆవిడ నగలు కుదువపెట్టి 4 లక్షలు తెస్తే పోయింది రాబట్టగలను. మొన్న లాకర్ దాకా వెళ్లి, చెయ్యి వణికి తిరిగొచ్చేశాను. ఎమోషన్స్ లేకుండా నిర్ణయం తీసుకునేలా మెదడును ఎలా మార్చుకోవాలి?’ – ఒక పాఠకుడు

మార్చుకోవద్దు. నుదుటి వెనక, కళ్లకు కాస్త పైన ఉండే మెదడు భాగం దెబ్బతిన్నవారిని ఆంటోనియో డమాసియో అనే నాడీవైద్యుడు పరిశీలించారు. వాళ్ల తెలివి అలాగే ఉంది, మొద్దుబారింది భావోద్వేగాలే. అందులో ఒకాయన ఉద్యోగమూ, డబ్బూ, కాపురమూ పోగొట్టుకున్నారు. పేకముక్కలతో పరీక్ష పెడితే, ముంచే కట్టలోంచే వీళ్లు మళ్లీ మళ్లీ ముక్క తీశారు. మామూలు మనుషులకు మాత్రం ఆ కట్ట మీదకు చెయ్యి వెళ్తుంటేనే చర్మానికి సన్నగా చెమట పట్టింది. లాకర్ దగ్గర మీ చెయ్యి వణికింది చూశారూ, ఈ రెండేళ్లలో మీ మెదడు చేసిన మంచి పని అదొక్కటే.

పోయిన డబ్బు కోసం ఇంకా పెద్ద రిస్క్‌కు దిగడం మీ ఒక్కరి జబ్బు కాదు. వంద రూపాయలు వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ దాదాపు రెట్టింపు. నష్టంలో ఉన్నవాడు తెగిస్తాడని కానమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లోనే చెప్పారు. 2024 మార్చితో ముగిసిన మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో, అంటే మీరాడే ఆప్షన్స్, వాటి తోటి ఫ్యూచర్స్‌లో దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీయే లెక్క తేల్చింది. ఆ 4 లక్షల సంగతి ఇక వేరే చెప్పాలా?

కానమన్, ట్వెర్‌స్కీలే ఇంకో మాటా చెప్పారు. మనసు లాభనష్టాలను ఉన్న డబ్బును బట్టి కాదు, ఎక్కడ నిలబడి చూస్తోందో దాన్ని బట్టి లెక్కేస్తుంది. మీరు నిలబడింది సర్జాపుర రోడ్డులో, మీ తోడల్లుడి విల్లా గుమ్మంలో. గృహప్రవేశం నాడు మామగారు ‘మీరెప్పుడు కొంటారు బాబూ’ అన్నారనీ, ఆ వారమే డీమ్యాట్ ఖాతా తెరిచాననీ మీరే రాశారు. మీ పూర్తి ఉత్తరంలో తోడల్లుడి ప్రస్తావన ఐదుసార్లు వచ్చింది. భార్య ఒక్కసారే, అదీ నగల దగ్గర! 11 లక్షలు పోకముందు కూడా మీ లెక్కలో మీరు నష్టంలోనే ఉన్నారన్నమాట. తోడల్లుడి లోన్ ఎంతో మీకు తెలుసా? తెలిసినా మీకెందుకు?

పుట్టింటివారు పెట్టిన బంగారం మీ ఆవిడది. అడక్కుండా తీస్తే నేను దాన్ని దొంగతనమే అంటాను, మీకు కోపమొచ్చినా సరే.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక స్టేట్‌మెంట్లు ఆమె ముందు పెట్టండి. ‘నీకోసమే చేశాను’ అనే మాట మాత్రం అనకండి, నిజం కాదు కనుక. తిడుతుంది, ఏడుస్తుంది, బహుశా నాలుగు రోజులు మాట్లాడదు. లాకర్ తాళం ఆమెకే ఇచ్చేయండి. అయినా ఫోన్ మీదకు చెయ్యి పోతుంటే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి బెంగళూరులోనే ఉంది, ఇద్దరూ కలిసి వెళ్లండి. సంక్రాంతికి అత్తగారింటికి వెళ్లాలా వద్దా అన్నది ఈసారి ఆమెనే తేల్చనివ్వండి.